అచ్చు వెనుక బొమ్మ
మన ట్రంకు పెట్టెల్లోని చిత్రకథల అసలు ప్రతులను గుర్తించడం, విలువ కట్టడం



ప్రత్యేక సంచిక అనగానే పింఛను లెక్కలు, కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు వంటివి ఎలాగూ ఉంటాయి. అవి ఉండాలి కూడా. అయితే మన ఇళ్ళలోనే, అటకమీదో మంచం కిందో ఉండి, మనం ఇంతవరకు ఆస్తి కింద లెక్కవేయని వస్తువు ఒకటుంది. పాత వార పత్రికలు, పిల్లల మాస పత్రికలు, బొమ్మల కథల పుస్తకాలు, వాటి మధ్య ఎప్పుడో దాచిన విడి బొమ్మలు. పిల్లలు ఇల్లు బాగుచేయించేటప్పుడు మొదట బయటికి వెళ్ళేవి ఇవే. పాత పేపర్లవాడు తూకం వేసి తీసుకుపోతాడు.

వాటిలో తొంభై తొమ్మిది పాళ్ళు అచ్చు కాగితమే. ఆ మాట ముందుగానే చెప్పడం మర్యాద. మిగిలిన ఒక్క పాలు మాత్రం అచ్చుకు ముందు చిత్రకారుడు స్వహస్తంతో గీసిన అసలు బొమ్మ కావచ్చు, లేదా ప్రెస్సులో ఆ బొమ్మ నుంచి తయారైన బ్లాకో, ప్రూఫో కావచ్చు. దేన్ని ఎలా గుర్తుపట్టాలో, దాని విలువ దేనివల్ల వస్తుందో బడిలో డ్రాయింగు చెప్పిన వాడిగా నాకు తెలిసినంత చెబుతాను. ఇది తెలియాలంటే బొమ్మ అచ్చుకు వెళ్ళిన దారి తెలియాలి. అందుకని ముందు కొంచెం చరిత్ర.

తెలుగు పత్రికల్లో బొమ్మ

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన కృష్ణా జిల్లా మనిషి. ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. భారతిలో త్రివర్ణ చిత్రాలను మంచి కాగితం మీద విడిగా అచ్చువేసి అతికించేవారు. వాటిని విప్పి చట్రం కట్టించుకున్న ఇళ్ళు మన ప్రాంతంలో ఎన్నో ఉండేవి. తెలుగులో తొలి కార్టూనిస్టుగా పేరొందిన తలిశెట్టి రామారావుగారి వ్యంగ్య చిత్రాలు కూడా భారతిలోనే వచ్చాయి.

1947 జూలైలో మద్రాసు నుంచి చందమామ వచ్చింది. తెనాలి వాడైన చక్రపాణిగారు, బి. నాగిరెడ్డిగారు కలిసి తెలుగు, తమిళ భాషల్లో ఒకేసారి ప్రారంభించారు. తరువాత అది అనేక భారతీయ భాషలకు పాకింది. తెనాలి వారే అయిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు దాని సంపాదకత్వం చూశారు. చందమామ అసలు అర్థంలో కామిక్ పుస్తకం కాదు. అందులో కథ వేరు, బొమ్మ వేరు. అయినా మన తరానికి బొమ్మల్లో కథ చూడడం నేర్పింది అదే. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య గార్ల చేతి పని నెలనెలా మన ఊళ్ళకు పోస్టులో వచ్చేది. శంకర్‌గారి అసలు పేరు కె.సి. శివశంకరన్. విక్రమార్కుడు కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ ఆయనదే. 2020లో ఆయన పోయారు. మరుసటి సంవత్సరం పద్మశ్రీ ప్రకటించారు. శ్రీకాకుళం వాడైన వ.పా.గారు 1921లో పుట్టి 1992 డిసెంబరులో పోయారు. ఆయన వేసిన ముఖచిత్రాలు చూసి పత్రిక కొన్నవారు మనలోనే ఉన్నారు.

ఇక బాపుగారు. సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగుకు ఆయన ఇచ్చిన రూపం లేకుండా ఆ కుర్రవాడిని ఇప్పుడు ఊహించలేం. 2014 ఆగస్టు 31న బాపుగారు మనల్ని విడిచారు. అసలైన కామిక్ పద్ధతిలో, అంటే గళ్ళు గీసి, గళ్ళలోనే మాటలు పెట్టి కథ నడిపిన తెలుగు వారిలో ముందు చెప్పుకోవలసిన వారు బుజ్జాయిగారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి. 'డుంబు' ఆయన సృష్టి. ఆయన గీసిన పంచతంత్రం బొమ్మల కథ బొంబాయి ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చి దేశమంతా చదివింది.

1967లో బొంబాయి నుంచి అనంత్ పాయ్‌గారు అమర చిత్ర కథలు ప్రారంభించారు. అవి తెలుగులోనూ వచ్చాయి. మన పిల్లలు పెరిగింది వాటితోనే. చందమామ మాత్రం 2012-13 నాటికి ఆగిపోయింది. పత్రికలు ఆగిపోయే కొద్దీ వాటి కోసం గీసిన బొమ్మల సంగతి ఎవరికీ పట్టకుండా పోతుంది. చరిత్రలో మనం చూడవలసిన చోటు అదే.

బొమ్మ అచ్చుకు వెళ్ళే దారి

చిత్రకారుడు ముందు పెన్సిలుతో చిత్తు గీస్తాడు. తరువాత దళసరి డ్రాయింగు షీటు మీదో, కార్డు షీటు మీదో ఇండియన్ ఇంకుతో పాళీ, కుంచె ఉపయోగించి శుద్ధప్రతి వేస్తాడు. సాధారణంగా అచ్చులో కనబడే కొలతకంటె పెద్దగా గీస్తాడు. తగ్గించి అచ్చువేస్తే గీత నిగ్గు తేలుతుంది, చిన్న వణుకు కనబడదు. తప్పు పడిన చోట తెల్ల పోస్టర్ రంగు పూసి పైన దిద్దుతాడు. మాటలు విడి కాగితం మీద రాసి అంటించడం కూడా మామూలే.

అక్కడినుంచి అది ప్రెస్సు వారి చేతికి వెళుతుంది. అంచున ఎరుపు లేదా నీలం పెన్సిలుతో ఎంతకు తగ్గించాలో, ఎన్నో పుటలో రావాలో రాస్తారు. పెద్ద కెమెరాతో ఫొటో తీసి, ఆ నెగెటివును జింకు రేకు మీదికి ఎక్కించి, నైట్రిక్ ఆమ్లంలో కొరికిస్తారు. గీత ఉన్న చోటు ఎత్తుగా నిలుస్తుంది, మిగిలింది కరిగిపోతుంది. దాన్ని చెక్క మీద మేకులు కొట్టి బిగిస్తే లైన్ బ్లాకు. ఛాయలున్న బొమ్మకైతే జల్లెడవంటి గీతల అద్దం అడ్డుపెట్టి ఫొటో తీస్తారు. అప్పుడు ఛాయ అంతా చిన్నా పెద్దా చుక్కలుగా మారుతుంది. అది హాఫ్‌టోన్ బ్లాకు. న్యూస్‌ప్రింటుకు అంగుళానికి అరవై, ఎనభై గీతల జల్లెడ. నున్నని ఆర్టు కాగితానికి నూటఇరవై పైన.

రంగుల బొమ్మయితే పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని నాలుగుగా విడదీస్తారు. ఒక్కొక్క రంగూ విడిగా, తరువాత ఒకదానిపై ఒకటి కలిపి ప్రూఫులు తీసి చూస్తారు. చాలా కామిక్ పుస్తకాలకు చిత్రకారుడు నలుపు గీత మాత్రమే ఇస్తాడు. దాని నకలు మీద మరొకరు ఏ గడిలో ఏ రంగు ఎంత పాలు రావాలో చేత్తో రంగులు పూసి, అంకెలు వేసి ఇస్తారు. రంగుల సూచన ప్రతి అంటే అదే. ఆఫ్‌సెట్ వచ్చాక బ్లాకు స్థానంలో ఫిల్ము వచ్చింది. అనేక భాషల్లో వచ్చే పుస్తకాలకు ఇది ఎంతో కలిసివచ్చింది. రంగుల ఫిల్ములు అందరికీ అవే. మాటలున్న నలుపు ఫిల్ము ఒక్కటే భాషకు తగినట్లు మారుతుంది.

ఇంత తతంగమూ ఎందుకు చెప్పానంటే, అచ్చు పూర్తయ్యాక మిగిలేవి ఇవే: పెన్సిలు చిత్తు, సిరా శుద్ధప్రతి, రంగుల చిత్రం, సూచన ప్రతి, బ్లాకు, ప్రూఫు, ఫిల్ము. ఆనాటి వారి దృష్టిలో వీటిలో ఏదీ కళాఖండం కాదు. పని సామగ్రి. ఆఫీసులో ఆర్డరు టైపు అయ్యాక డ్రాఫ్టు కాగితం ఏమవుతుందో మనకు తెలుసు గదా! బొమ్మకూ అదే గతి. బుట్టలో పడనివి మాత్రం ప్రెస్సు ఉద్యోగి, బ్లాక్ మేకరు, ఏజెంటు, విలేకరి, చిత్రకారుని స్నేహితుడు వంటివారి ఇళ్ళకు చేరాయి. మన వైపు పత్రికలు లేకపోవచ్చు గాని, ప్రెస్సులు తక్కువేమీ కావు. ఏలూరులో వెంకట్రామా అండ్ కో వారు పాఠ్యపుస్తకాలు వేశారు. విజయవాడ, రాజమండ్రి, తెనాలి సంగతి చెప్పనక్కరలేదు. కనుక ముదినేపల్లి, కైకలూరు, గుడివాడ ఇళ్ళలో ఇటువంటివి ఉండడం వింత కాదు.

గుర్తుపట్టే పద్ధతి

ఇందుకు కావలసిన సామాను ఒక్కటే: గడియారాలు బాగుచేసేవారు వాడే పది రెట్ల భూతద్దం. పగటి వెలుతురులో, చేతులు శుభ్రంగా కడిగి తుడుచుకుని చూడాలి.

మొదటి పరీక్ష చుక్కలు. రంగు ఉన్న చోట వరుసగా గులాబీ పూల ఆకారంలో కూడిన చుక్కలు కనిపిస్తే అది అచ్చు. ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా అచ్చే. చేతి రంగులో చుక్కల వరుస ఉండదు. నీటి అంచులు, కుంచె పోగుల జాడ, ఒక రంగు పై మరో రంగు ఎక్కిన మందం కనబడతాయి. కంప్యూటరు ప్రింటులో వరుస లేకుండా ఇసుక చల్లినట్లు అతి సన్నని తుంపర ఉంటుంది. బాపుగారి బొమ్మలని ఇప్పుడు ఇళ్ళలో వేలాడుతున్న వాటిలో ఎక్కువ ఈ జాతివే.

చుక్కలు లేనంత మాత్రాన అసలుది అనుకోరాదు. రాజా రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. అది వేసిన దేవుళ్ళ పటాలు రాతి అచ్చు. వాటిలో యంత్రపు జల్లెడ ఉండదు, చేత్తో పెట్టిన చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. పాతకాలపు వస్తువుగా వాటి విలువ వాటికుంది గాని, అవీ అచ్చులే. అలాగే నల్లని గీతల బొమ్మకు లైన్ బ్లాకులో చుక్కలుండవు. అప్పుడు సిరాను చూడాలి. బ్లాకు అచ్చులో కాగితం కొంచెం నొక్కుకుపోయి, గీత అంచున సిరా పిండి చేరినట్లు నల్లగా ఉంటుంది. కాగితం వెనుక వేలితో తడిమితే ఆ నొక్కు తెలుస్తుంది. చేతి గీతలో పాళీ నొక్కిన చోట లావు, విడిచిన చోట సన్నం. పెద్ద నల్లని భాగాల్లో నలుపు సమంగా ఉండదు, కుంచె వెళ్ళిన దారి కనబడుతుంది.

రెండవ పరీక్ష, పని జాడలు. చెరపగా మిగిలిన పెన్సిలు గీతలు, లేత నీలం పెన్సిలు గుర్తులు, తెల్లరంగు దిద్దుబాట్లు, అంటించిన మాటల పట్టీలు, జిగురు పసుపెక్కిన మరకలు, అంచున కొలతలు, వెనుక రబ్బరు ముద్ర. లేత నీలం ఎందుకంటే ప్రెస్సు కెమెరా ఫిల్ముకు అది కనబడదు. అందుకే గుర్తులన్నీ దానితో పెట్టేవారు. అచ్చులో లేని నీలపు గుర్తు కాగితం మీద ఉన్నదంటే అది మంచి సాక్ష్యం.

మూడవది కొలత. అచ్చు పుటకంటె పెద్దదై ఉండడం అసలు ప్రతి లక్షణాలలో ఒకటి. సరిగ్గా పత్రిక పుటంతే ఉండి, వెనుక కథ భాగం అచ్చై ఉంటే, అది పత్రికలోంచి కత్తిరించిన పుట.

నాలుగవది పోలిక. బొమ్మ ఏ సంచికలో వచ్చిందో వెతికి పక్కన పెట్టి చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాల్లో సంపుటాలు ఉన్నాయి. కంప్యూటరులో కూడా ఎన్నో పాత సంచికలు దొరుకుతున్నాయి. మనుమలను అడిగితే చూపిస్తారు. అసలు బొమ్మలో అచ్చులో కనబడని వివరం ఎప్పుడూ కొంత ఎక్కువ ఉంటుంది. అచ్చులో పూడిపోయిన సన్నని గీతలు అసలులో విడివిడిగా ఉంటాయి. దీనికి విరుద్ధంగా, అచ్చులో ఉన్న సన్నని గీతలు చేతిలో ఉన్న బొమ్మలో లేకపోతే, అది ఎవరో అభిమాని అచ్చును చూసి దించిన నకలు కావచ్చు. నకలు దించడం తప్పు కాదు. మేమంతా నేర్చుకున్నది అలాగే. దాన్ని అసలుదని చెప్పడమే తప్పు.

సంతకం సంగతి చివర చెబుతున్నాను. ఎందుకంటే మనవారు మొదట చూసేది దాన్నే. సంతకం బ్లాకులోనూ పడుతుంది, ప్రింటులోనూ పడుతుంది, నకలు దించేవాడు దాన్నీ దించుతాడు. సంతకం లేని అసలు బొమ్మలూ కోకొల్లలు. పై నాలుగు పరీక్షలకూ నిలిచాక సంతకం బలం చేకూరుస్తుంది గాని, తనంత తాను ఏమీ రుజువు చేయదు.

బ్లాకులను గుర్తుపట్టడం తేలిక. రేకు మీద బొమ్మ అద్దంలోలా తిరగబడి ఉంటుంది, అక్షరాలు వెనక్కు ఉంటాయి. ప్రూఫు కాగితం అంచున గురి గుర్తులు, రంగు పట్టీలు ఉంటాయి. ఒకే బొమ్మ పసుపులో ఒకటి, ఎరుపులో ఒకటి కనబడితే పారేయకండి. వరుస మొత్తం దొరికితే అది ఆనాటి అచ్చు విద్యకు పూర్తి పాఠం.

ఒక పెట్టెలోని మూడు వస్తువులు

మన మండలంలోనే ఒక మిత్రుని ఇంట ట్రంకు పెట్టె విప్పినప్పుడు నేను కూడా ఉన్నాను. వారి నాన్నగారు పూర్వం ఒక ప్రెస్సులో కంపోజిటరు. పెట్టెలో మూడు ముఖ్యమైన వస్తువులు దొరికాయి. చట్రంలో ఉన్న పెద్ద రంగుల పటం, చెక్కమీద జింకు బ్లాకు, మడత పెట్టిన కార్డు షీటు మీద నల్లని గీతల బొమ్మ. ఇంట్లో అందరి చూపూ రంగుల పటం మీదే. భూతద్దంలో అది గులాబీ చుక్కలతో నిండి ఉంది, క్యాలెండరు పటం. బ్లాకును ఇంటి కోడలు తలుపు జారకుండా అడ్డం పెట్టడానికి బాగుంటుందన్నది. కార్డు షీటు మురికిగా ఉంది, రెండు చోట్ల తెల్లరంగు, మూల కాఫీ మరక, అంచున నీలం పెన్సిలుతో ఏవో అంకెలు. "ఇది చిత్తు కాగితం మాష్టారూ" అన్నారు.

బ్లాకును తుడిచి, కాగితం పరచి, బొగ్గుతో రుద్ది చూశాం. కార్డు మీది బొమ్మే, చిన్నదిగా! అంచున ఉన్న అంకెలు తగ్గింపు కొలతలు. అసలు బొమ్మ, దాని బ్లాకు ఒకే పెట్టెలో. ఎవరు గీశారో తేలలేదు, సంతకం లేదు. కాని ఆ రెండూ కలిసి ఉండడమే ఒక రుజువు. విడదీసి అమ్మితే ఆ రుజువు పోతుంది. అంతకుముందే ఒక వర్తకుడు వచ్చి పెట్టె మొత్తానికి అయిదు వందలిస్తానని అడిగి వెళ్ళాడట. అమ్మాలా వద్దా అన్నది వారి ఇష్టం. కాని ఏమి అమ్ముతున్నామో తెలియకుండా అమ్మరాదని మాత్రం ఆ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

విలువ దేనివల్ల వస్తుంది

బంగారానికి ఉన్నట్లు బొమ్మకు రోజువారీ ధర లేదు. కొనే వారు ఇద్దరుంటే ధర, ఒక్కరే ఉంటే బేరం. అయినా విలువ కట్టేవారు చూసే అంశాలు ఇవి: గీసింది ఎవరు, ఏ బొమ్మ, ఏ దశది, అచ్చయిందా లేదా, ఎలా ఉంది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది.

ఒకే చిత్రకారుని పనిలో కూడా ముఖచిత్రం వేరు, లోపలి మూల బొమ్మ వేరు. అందరికీ తెలిసిన పాత్ర ఉన్న బొమ్మకు ఆదరణ ఎక్కువ. దశలలో సాధారణంగా చిత్రకారుడు స్వయంగా ముగించిన రంగుల చిత్రం, సిరా శుద్ధప్రతి పై మెట్టున ఉంటాయి. పెన్సిలు చిత్తు తరువాతది. రంగుల సూచన ప్రతి చేతిపనే అయినా ఎక్కువగా వేరొకరి చేతిది కనుక ఇంకా కింద. బ్లాకు, ప్రూఫు, ఫిల్ము ఆ తరువాత. అచ్చు పుస్తకం చివర. దానిలో కూడా మొదటి సంచిక, అట్టతో సహా ఉన్న సంచిక వేరు.

విదేశాల్లో ఇది పెద్ద వ్యాపారం. బెల్జియం చిత్రకారుడు హెర్జే తన టిన్‌టిన్ కథ 'నీలి కమలం' కోసం 1936లో ఒక ముఖచిత్రం వేశాడు. దాన్ని నాలుగు రంగుల్లో అచ్చువేయడం ఖర్చెక్కువని ప్రచురణకర్త వద్దన్నాడు. ఆ బొమ్మను ప్రచురణకర్త కొడుక్కి ఇచ్చారని, ఆ పిల్లవాడు ఆరు మడతలు పెట్టి సొరుగులో పడేశాడని ఆ కుటుంబం చెబుతుంది. 2021 జనవరిలో పారిస్ వేలంలో అది 32 లక్షల యూరోలకు దగ్గరగా, అంటే ఆనాటి మారకం రేటున సుమారు 28 కోట్ల రూపాయలకు పోయింది. మడతల గీతలు దాని మీద అలాగే ఉన్నాయి. మరుసటి జనవరిలో అమెరికాలో 1984 నాటి స్పైడర్‌మాన్ కథలోని ఒకే ఒక్క లోపలి పుట 33 లక్షల 60 వేల డాలర్లు పలికింది.

ఈ అంకెలు చూసి మన పెట్టెకు లెక్కలు వేసుకోవద్దు. అక్కడ వేలం సంస్థలు, సూచీ పుస్తకాలు, కొనేవారి బృందాలు దశాబ్దాలుగా ఉన్నాయి. మన భాషా పత్రికల బొమ్మలకు అటువంటి బజారు ఇంకా స్థిరపడలేదు. నేను చెప్పదలచింది ధర కాదు. ఆరు మడతలు పడ్డ కాగితం కూడా ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పగలిగిన కుటుంబం ఉన్నందువల్లే నిలిచింది.

మరో ఉదాహరణ కూడా చెప్పాలి. అమెరికాలో కామిక్ కంపెనీలు చాలాకాలం అసలు పుటలను తమవద్దే ఉంచుకునేవి, లేదా పారేసేవి. గీసినవారికి తిరిగి ఇవ్వడం 1970ల నడుమనే ఆచారంగా మారింది. వేల పుటలు గీసిన జాక్ కిర్బీ అనే చిత్రకారుడు పోరాడి 1987లో తిరిగి పొందింది సుమారు రెండు వేల పుటలు మాత్రమే. ఇందుకు భిన్నంగా, స్పైడర్‌మాన్ తొలి కథ అసలు పుటలను 2008లో ఒక దాత పేరు చెప్పకుండా అమెరికా జాతీయ గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చాడు. విలువ ఉన్నదంటే అమ్మి తీరాలని లేదు.

చట్టం సంగతి నాలుగు మాటలు

బొమ్మ మన దగ్గర ఉంటే కాగితం మనది. దాన్ని అచ్చువేసే హక్కు మాత్రం మనది కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు చిత్రకారుడు పోయాక అరవై సంవత్సరాలు ఉంటుంది. బాపుగారి బొమ్మల విషయంలో అది 2074 చివరి దాకా. ఆయన పత్రికలో జీతగాడై గీసినవైతే హక్కు యజమానికి చెందవచ్చు. కనుక పెళ్ళి శుభలేఖకో, పుస్తకం అట్టకో వాడుకునే ముందు అడగాలి.

1994 సవరణ ద్వారా మరొక నియమం చేర్చారు. మొదట హక్కు చిత్రకారునిదే అయిన అసలు బొమ్మ తరువాత పది వేల రూపాయలకు మించి మళ్ళీ అమ్ముడైతే, అందులో పది శాతం మించకుండా వాటా ఆయనకు గాని వారసులకు గాని రావలసి ఉంటుంది. ఇక ఆదాయపు పన్ను. 2007 ఫైనాన్సు చట్టం తరువాత చిత్రాలు, పెయింటింగులు ఇంటి సామానుల మినహాయింపులోకి రావు. లాభానికి అమ్మితే పన్ను లెక్క ఉంటుంది. ఆడిటరును అడిగి చేయండి.

కొల్లేటి తేమలో కాపాడుకోవడం

మనది చెరువుల దేశం. చేపల చెరువులు చుట్టూ ఉన్నాక గాలిలో తేమకు కొరత లేదు. 1977 నవంబరు ఉప్పెన నాటి తుపాను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి దిగడం మనకు తెలియనివి కావు. కాగితానికి ఇంతకంటె పరీక్ష ఉండదు.

కనుక బొమ్మలు నేలమీది పెట్టెలో వద్దు. నడుము ఎత్తుకు పైన, బయటి గోడకు ఆనకుండా ఉంచండి. ఒక్కొక్కటి విడిగా శుభ్రమైన తెల్ల కాగితం మధ్య, మడత లేకుండా, పడుకోబెట్టి ఉంచాలి. న్యూస్‌పేపరులో చుట్టరాదు, దాని ఆమ్లం బొమ్మకు ఎక్కి పసుపుపచ్చ చేస్తుంది. ముసురు పోయాక ఏడాదికి రెండుసార్లు నీడన గాలికి పెట్టండి, ఎండలో కాదు. చెదను, వెండి పురుగును కనిపెట్టి చూడండి.

అన్నిటికంటె ముఖ్యం: లామినేషను చేయించవద్దు. మనవారికి లామినేషను మీద నమ్మకం ఎక్కువ. రేషను కార్డుకు పనికివచ్చింది గదా అని అసలు బొమ్మకు చేయిస్తే ఆ వేడికి, జిగురుకు అది ఇక తిరిగి రాదు. ప్లాస్టిక్ టేపు అంటించవద్దు. నీలం పెన్సిలు గీతలు, తెల్లరంగు, అంచు రాతలు మురికి అనుకుని చెరపవద్దు. చట్రం అందంగా రావాలని అంచులు కత్తిరించవద్దు. మీరు శుభ్రం చేద్దామనుకునేవే అది అసలుదని చెప్పే సాక్షులు.

బొమ్మకొక సర్వీసు రిజిస్టరు

మనలో ప్రతి ఒక్కరికీ ఒక సర్వీసు రిజిస్టరు ఉండేది. ఏ తేదీన చేరాడు, ఎక్కడ పనిచేశాడు, ఎప్పుడు బదిలీ అయ్యాడు. అది సరిగా లేకపోతే పింఛను కాగితం కదలదని అనుభవించినవారు ఎందరో! బొమ్మకు కూడా అటువంటి రిజిస్టరు ఒకటి కావాలి. తెల్ల కాగితం మీద మీ చేత్తో ఈ సంగతులు రాసి, తేదీ వేసి సంతకం చేసి, బొమ్మ పక్కన విడిగా పెట్టండి. బొమ్మ వెనుక రాయవద్దు. ఇది ఎవరి ద్వారా, ఏ సంవత్సరం ప్రాంతంలో ఇంటికి వచ్చింది? ఇచ్చినవారు ఎక్కడ పనిచేసేవారు? దీనితోపాటు ఇంకేమి వచ్చాయి? ఏ పత్రికలో చూసిన గుర్తు? తెలిసింది తెలిసినట్లు, విన్నది విన్నట్లు విడిగా రాయాలి. ఒక ఫొటో తీయించి జతపరచండి.

ఏ నిపుణుడైనా భూతద్దంతో అచ్చో అసలో చెప్పగలడు. కాని "ఇది మా నాన్నగారు ఫలానా ప్రెస్సులో ఉండగా ఇంటికి తెచ్చారు" అన్న మాట చెప్పగలిగింది మనమే. ఆనాటి బ్లాకు మేకర్లు, కంపోజిటర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మన తరం తరువాత ఆ మాట చెప్పేవారు ఉండరు. పిల్లలకు బొమ్మ దొరుకుతుంది, బొమ్మ కథ దొరకదు.

సభ్యుల ఇళ్ళలో ఇటువంటివి ఉంటే నెలవారీ సమావేశానికి ఫొటో తీసుకుని రండి. అసలుది ఇంట్లోనే ఉండనివ్వండి. భూతద్దం నేను తెస్తాను. ఎక్కువ పెట్టెల్లో క్యాలెండరు పటాలే తేలవచ్చు, వాటికీ ఇంట్లో చోటుంది. ఎందులోనైనా ఒక మురికి కార్డు షీటు దొరికితే, పాత పేపర్లవాడు వచ్చేలోపు దాని రిజిస్టరు రాయడం మొదలుపెడదాం.